ఆడిటరు గారు రాని ఏడాది

ఈ ఏడు ఆడిటరు గారు రారనీ, మద్రాసులో తన ఇంట్లో కూర్చుని కంప్యూటర్లోనే మన షెడ్డు చూస్తారనీ అల్లుడు చెప్పినప్పుడు, నాకు ముందు వచ్చిన ఆలోచన ఒక్కటే. మరి ఆయనకు భోజనం ఎలా పెట్టడం?

నవ్వులాటకి అన్న మాట కాదు. బందరు శివారున మేం రొయ్యలు ఒలిచే షెడ్డు పెట్టిన దగ్గర్నుంచీ సీజను ముందు ఆయన ఏటా వచ్చేవారు. మా దగ్గర ఒలిచిన రొయ్య ఫ్యాక్టరీకి వెళ్ళి, అక్కడ గడ్డకట్టి, ఓడెక్కి పై దేశాలకు పోతుంది. అక్కడ కొనేవాళ్ళు మా మొహం ఎరగరు కాబట్టి వాళ్ళ తరఫున ఈయన వచ్చి, అంతా శుభ్రంగా ఉంది, ఇక్కడి సరుకు తీసుకోవచ్చని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే ఫ్యాక్టరీ మాకు రొయ్య పంపదు. రొయ్య రాకపోతే షెడ్డుకు తాళమే. మా దగ్గర ఒలిచేవాళ్ళంతా సముద్రం మీద బతికే ఇళ్ళ ఆడవాళ్ళు. వేట లేని రోజుల్లో వాళ్ళ పొయ్యి వెలిగేది ఈ కూలి మీదే. నేనూ పాలకాయతిప్ప పక్కన చేపల గంప మోసిన ఇంట్లో పుట్టినదాన్నే. మూడో తరగతితో పలక పక్కన పెట్టినా, ఇంట్లో పొయ్యి వెలగకపోవడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆడిటరు గారు వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. ముందు భోజనం. పీతల కూర ఆయనకు ప్రాణం. తిన్నాక లేచి, మేం ఎటు నడిపిస్తే అటు నడిచేవారు. తిన్న వెంటనే వంగి మూలలు చూడటం ఆయనకు కష్టం. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చివర్న ఒలిచేవాళ్ళ దగ్గర ఆగి, “ఏమ్మా, మీకేమైనా ఇబ్బందులున్నాయా?” అని అడిగేవారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉండేదాన్ని. “ఏమీ లేవండీ,” అనేవాళ్ళు అందరూ ఒక్క గొంతుతో. అయిపోయేది.

ఆ ఏడాది ఆయన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. గుడివాడ వైపు చెరువుల్లో రొయ్యల పట్టుబడి దగ్గరపడుతోంది. ఆయన లేచి నడిచేదాకా ఆగితే సీజను దాటిపోతుంది. అందుకని ఈ కంప్యూటరు ఏర్పాటు.

“మరి వాసన ఎలా తెలుస్తుంది బాబూ?” అన్నాను అల్లుడితో.

“వాసన తెలీదండీ అత్తయ్య గారూ. చూడటమే.”

“రొయ్య మంచీ చెడ్డా ముక్కుతో చూస్తారు గానీ కంటితో చూస్తారా?”

“చూసేవాడు ఆయన. ఆయనకు లేని బాధ మీకెందుకండీ?”

బాధ కాదు, తెలుసుకోవాలని. ఒక మనిషి ఒక ఊళ్ళో ఉండి ఇంకో ఊళ్ళో ఉన్న గదిలోకి ఎలా తొంగి చూస్తాడు? ఆయన కన్ను ఇక్కడికి వస్తుందా, మా షెడ్డే అక్కడికి వెళ్తుందా? ఆ నాలుగు రోజులూ అన్నం తింటున్నా అదే ధ్యాస.

అనుకున్న రోజున బందరులో ఇంటర్నెట్ సెంటరు నడిపే ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, ఏమడిగినా ముందు కళ్ళజోడు తుడుచుకుని గానీ జవాబు చెప్పడు. నిమ్మకాయంత కెమెరా తెచ్చాడు. దానికి తోకలా వైరు. ఆ వైరు పొట్టిది కావడంతో కంప్యూటరును ఆఫీసు గదిలోంచి బల్లతో సహా షెడ్డులోకి మోసుకురావలసి వచ్చింది.

అదే వేళకు మా ఆడవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి జడలో మూరెడు మల్లెపూలు, చేతుల నిండా గాజులు, మొహాన పౌడరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏమిటే ఈ వేషాలు? షెడ్డులోకి పూలూ గాజులూ వద్దని తెలీదా మీకు?”

“ఫోటో తీస్తారంట కదా పెద్దమ్మా!” అంది దివిసీమ నుంచి వచ్చే మనిషి. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే ఆమెకు. “పై దేశం వాళ్ళు చూస్తారంట. బోసి తలలతో కూర్చుంటే మన పరువేం కాను?”

“ఇది ఫోటో కాదే, తనిఖీ.”

“మరి మీరు పట్టుచీర కట్టారేం?”

“నేను రొయ్యలు ఒలవను,” అన్నాను. అన్నాను గానీ, లోపలికి వెళ్ళి నేతచీర కట్టుకుని వచ్చాను. వచ్చేసరికి వాళ్ళు పూలన్నీ తీసి ఒక గిన్నెలో పెట్టి, వాడిపోకుండా ఉంటాయని రొయ్యల ఐసు పెట్టెలో దించబోతున్నారు. నా కేకకు ఇంటర్నెట్ ఆయన చేతిలో కళ్ళజోడు జారి కింద పడింది.

లైను కలిసింది. బొమ్మ కంప్యూటర్లో వస్తుంది, మాట అల్లుడి చేతిలోని ఫోనులో వస్తుంది. అలా ఏర్పాటు చేశారు. తెర మీద ఆడిటరు గారు కనిపించారు. పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద, భుజాన తువ్వాలు, వెనక బీరువా మీద దుమ్ము పట్టిన పెట్టె. ఎవరో ఆడమనిషి చెయ్యి కాఫీ గ్లాసు పెట్టి వెళ్ళింది. మా షెడ్డు చూడటానికి కూర్చున్న మనిషి ఇంటిని మేమూ చూడవచ్చని నాకెవరూ చెప్పలేదు. ఆ పెట్టె దుమ్ము దులిపి ఎన్నాళ్ళయిందో అని కాసేపు దాన్నే చూశాను.

“వేగంగా కదిలితే బొమ్మ చెదిరిపోద్ది. కొంచెం మెల్లగా చెయ్యండమ్మా,” అన్నాడు ఇంటర్నెట్ ఆయన ఆడవాళ్ళతో.

చూపించడానికని బజారులో కొన్న రొయ్యలు ముందు పెట్టుకుని, మెల్లగానే చేశారు. రొయ్యను రెండు వేళ్ళతో ఎత్తి, కెమెరా వైపు చూసి, తల తీసి, మళ్ళీ కెమెరా వైపు చూసి, పొట్టు ఒలిచి, ముహూర్తం చూసి పెట్టినట్టు పళ్ళెంలో పెట్టారు. ఆడిటరు గారు ముందుకు వంగారు.

“ఇదేమిటండీ? ఇంత నెమ్మదిగానా? ఈ లెక్కన రొయ్య ఐసు బయట ఎంతసేపు ఉంటోంది? ఫ్యాక్టరీకి చేరేసరికి మెత్తబడదూ?”

నేను వెనక్కి తిరిగి, “ఎప్పుడూ ఒలిచినట్టు ఒలవండే!” అని అరిచాను. ఒలిచారు. చేతులు ఆడటం మొదలెట్టగానే తెర మీద బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి, మనుషులెవరో రొయ్యలెక్కడో తెలియకుండా పోయింది. ఆయనకు ఒక రంగుల మేఘం కనిపించిందట.

“మెల్లగా చేస్తే నమ్మకం కుదరడం లేదు. మామూలుగా చేస్తే నాకు కనపడటం లేదు. ఇలాగైతే నేను సంతకం పెట్టలేనమ్మా,” అన్నారు.

పట్టుబడి వారంలోకి వచ్చింది.

చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. లైను మీద బొమ్మ చెదురుతుంది గానీ, అదే కెమెరా తీసిన బొమ్మను మన కంప్యూటర్లోనే దాచుకుంటే చెదరదట. రేపు ఫ్యాక్టరీ నుంచి కొద్దిగా సరుకు తెప్పిస్తానన్నారు. కెమెరాను ఒక చోట పెట్టి వదిలేయాలి, పని అయ్యేదాకా ఎవరూ దాని జోలికి పోకూడదు. అదంతా సీడీల్లోకి ఎక్కించి కొరియరులో పంపితే, తీరిగ్గా చూసి చెబుతానన్నారు.

అలాగే చేశాం. ఐసు పెట్టె పైన చెక్క మీద కెమెరా కూర్చుంది. మొదట కాసేపు అందరూ బిగుసుకుపోయి ఒలిచారు. తర్వాత మర్చిపోయారు. నేను మధ్యమధ్య వెళ్ళి చూసి వచ్చాను. సాయంత్రానికి సీడీలు కొరియరెక్కాయి.

మర్నాడు దివిసీమ మనిషి నా దగ్గరకు వచ్చి చీర కొంగు చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

“పెద్దమ్మా, ఆ కెమెరాకు చూపేనా, వినికిడి కూడా ఉందా?”

“మాట ఫోనులో కదే వెళ్ళేది?”

“అదే కదా మేమూ అనుకుంది. ఆ కళ్ళజోడాయన మైకు అందులోనే ఉందంటున్నాడు.”

“ఏం వాగారు?”

“ఏదో సరదాకి. పాపం ఆడిటరు గారికి ఈ ఏడు పీతలు లేవు, ఆ డెక్కలు పీల్చడానికే మద్రాసు నుంచి వస్తాడు, అన్నాం.”

“అన్నాం కాదు. ఎవరన్నారు?”

“నేనే,” అంది. నేల చూస్తూ, “ఆయన పీల్చే చప్పుడు చేసి చూపించా కూడా,” అంది.

కొరియరు చేరి జవాబు వచ్చేదాకా ఆ రెండు రోజులూ షెడ్డులో ఎవరికీ మొహాన కళ లేదు. ఒక్కదాని నోటి వల్ల అందరి నోటికాడి కూడు పోతుందని మిగతావాళ్ళు దాన్ని సాధించారు. నేను సాధించలేదు. ఆ చప్పుడు నేనూ విన్నదాన్నే. అది సరిగ్గానే అనుకరించి ఉంటుందని నాకు తెలుసు.

ఫోను వచ్చింది. ఆయన నాతో మాట్లాడతానన్నారు.

“అమ్మా, చూశాను. ఒలుపు బాగుంది, ఐసు బాగుంది. రొయ్య క్షణం కూడా బయట ఉండటం లేదు. పీతల సంగతి అంటారా, నేనెప్పుడూ అడగలేదు, మీరే పెట్టారు.” గొంతులో నవ్వు ఉంది. తర్వాత ఆ నవ్వు లేదు. “కానీ ఒక మాట విన్నాను. మధ్యాహ్నం దాటితే కుళాయిలో నీళ్ళుండవనీ, అందరూ ఒకే బకెట్టులో చేతులు ముంచి కడుగుతారనీ అనుకున్నారు. నిజమేనా?”

నిజమే. మోటారు పొద్దున ఒకసారి వేస్తాం. టాంకు ఖాళీ అయితే బకెట్టు. కరెంటు ఊరికే రాదు. బకెట్టు నీళ్ళు మాత్రం నీళ్ళు కావా అని నా అభిప్రాయం. ఇప్పటికీ అందులో సగం నేను వదులుకోలేదు.

“ఏటా అడుగుతూనే ఉన్నారు కదండీ, ఏమీ ఇబ్బంది లేదని వాళ్ళే అన్నారు కదా,” అన్నాను.

“మీరు పక్కనుండగా అడిగానమ్మా. నా తప్పే అది.”

“మరి అడక్కుండా చాటుగా విన్నది చెల్లుతుందా?”

“మంచి ప్రశ్నే. వినపడుతుందని వాళ్ళకు ముందే చెప్పి ఉండాల్సింది. ఈసారి నుంచి చెబుదాం. కానీ విన్నాక విననట్టు ఉండలేను. మధ్యాహ్నం మూడింటికి కుళాయిలో నీళ్ళు పడుతున్నట్టు చూపించండి. సంతకం పెడతాను.”

ఫోను పెట్టేసి, ఇంటర్నెట్ ఆయన దగ్గర ఉన్న నకలు సీడీ వేయించుకుని చూశాను. కుళాయి మాట ఎవరన్నారో కనిపెడదామనే కూర్చున్నాను. కానీ చూస్తుంటే ఆ సంగతే మర్చిపోయాను. నేను లేనప్పుడు నా షెడ్డు ఎలా ఉంటుందో అంతకుముందు నేను ఎలా చూస్తాను? కిలకిలా నవ్వుకుంటున్నారు, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు, చేతులు మాత్రం ఆగడం లేదు. ఒకామె ఏదో పాట ఎత్తుకుంది. ఇంతలో తెర మూలలోంచి కొంగు బిగించి ఒక ముసలామె వచ్చింది. పాట ఆగింది, నవ్వులు ఆగాయి, తలలు వంగాయి. ఆమె అటూ ఇటూ చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ పాట. ఆ ముసలామె నేనే. ఆ ముక్క ఇంకోసారి వేయించుకుని చూశాను. ఎవరన్నారని ఎవరినీ అడగలేదు.

పెద్ద టాంకు తెప్పించాం. చేతులు కడిగేచోట రెండో కుళాయి పెట్టించాం. మధ్యాహ్నం మూడింటికి లైను కలిపారు.

“విప్పండమ్మా,” అన్నారు ఆడిటరు గారు.

విప్పాను. నీళ్ళు ధారగా పడ్డాయి.

“బొమ్మ ఆగిపోయిందమ్మా. నాకింకా మూసిన కుళాయే కనపడుతోంది. అలాగే ఉంచండి.”

నీళ్ళు పోతున్నాయి. నా ప్రాణం పోతోంది. అల్లుడి చేతిలో ఫోను లాక్కుని ధార దగ్గర పెట్టాను. “వినపడుతోందాండీ?”

“వినపడుతోంది. చూడాలి కూడా కదమ్మా. ఉంచండి.”

ఎంతసేపని ఉంచను? మంచినీళ్ళు కాలవ పాలవుతుంటే చూడలేక, పక్కనున్న బకెట్టు లాగి కుళాయి కింద పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన తెర మీద బొమ్మ కదిలింది.

“మళ్ళీ బకెట్టేనా అమ్మా!”

“చేతులకు కాదండీ! మీకు బొమ్మ వచ్చేదాకా నీళ్ళు వృథా పోకుండా పెట్టానండీ!” అని అరిచాను. షెడ్డంతా ఒక్కసారి నవ్వింది, నేను ఎదురుగా ఉండగానే. దివిసీమ మనిషి లేచి వచ్చి, బకెట్టు కాలితో పక్కకు నెట్టి, ధార కింద చేతులు పెట్టి సబ్బు రుద్ది కడుక్కుంది. బొమ్మ చెదరకుండా మెల్లగా, ఒక్కో వేలూ కెమెరాకు చూపిస్తూ.

“చాలమ్మా, చాలు. ఫ్యాక్టరీకి రాస్తాను. సరుకు దింపించుకోండి,” అన్నారాయన.

కుళాయి కట్టేశాను. బకెట్టులో నీళ్ళు నేల కడగడానికి పంపాను. ఇంటర్నెట్ ఆయన వైరు చుట్టడం మొదలెట్టాడు.

“ఇంకేమైనా ఇబ్బందులుంటే నా మొహాన చెప్పండే. ఆ మాట మద్రాసు చుట్టి రానక్కర్లేదు,” అన్నాను.

దివిసీమ మనిషి పక్కవాళ్ళ వంక చూసి, కెమెరా వంక చూసింది. “అది ఉంటే చెప్తాం పెద్దమ్మా.”

“ఆ వైరు ఇంకాసేపు ఉండనీ నాయనా,” అని స్టూలు లాక్కుని కూర్చున్నాను.