తెలుగు స్వాములవారు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది, తర్వాత మీరు నవ్వుకున్నా నాకు నష్టం లేదు. మిలటరీ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు చీకట్లో ఏదో ఉందని ఏడిస్తే, నాన్న టార్చిలైటు చేతికిచ్చి, వెళ్లి చూసి రిపోర్టు ఇమ్మనేవాడు. చూసి వచ్చి ఏమీ లేదని చెప్పేదాన్ని. ఆ అలవాటే ఉండిపోయింది. కళ్లతో చూసిందే నమ్ముతాను.

ఇదీ నేను కళ్లతో చూసిందే. చిక్కంతా అక్కడే ఉంది.

తొంభైల్లో మేము మయూర్ విహార్‌లో ఉండేవాళ్లం. నేను లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. నాన్న సుబేదారుగా రిటైరై, ఊరికి వెళ్లకుండా ఢిల్లీలోనే ఉండిపోయాడు. మాది గుంటూరు వైపు పాత కథోలిక కుటుంబం. ఊళ్లో ఉన్నది నాన్న తమ్ముడు, మా శౌరి బాబాయి. ఆయన ఉన్నాడనే నాన్న ఊరికి పోయేవాడు కాదు.

చిన్నతనంలోనే తండ్రి పోతే, బాబాయిని నాన్నే పెంచాడు. ఆ బాబాయి పెద్దయ్యాక పెంతెకోస్తు సంఘంలో కలిశాడు. కాలవలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుని పాస్టరయ్యాడు. అప్పటినుంచీ ఒంటి మీద తెల్లబట్టలు తప్ప వేసింది లేదు. పసిబిడ్డగా జ్ఞానస్నానం పొందినవాడికి మళ్లీ ఈ బాప్తిస్మం ఏమిటని నాన్న మండిపడేవాడు. ఉతికి ఆరేసిన బట్టను మళ్లీ రేవులో పెట్టే చాకిరీ ఏమిటని ఎగతాళి చేసేవాడు.

అదొక్కటే అయితే ఎప్పటికో సర్దుకునేది. నాయనమ్మ బాబాయి దగ్గరే ఉంటూ పోయింది. ఆమెకు అవస్థ అభ్యంగనం జరగలేదు. అంటే, చావుకు ముందు గురువు, అదే ఫాదర్, వచ్చి తైలం పూసి ప్రార్థించే సంస్కారం. మా వాళ్లలో అది లేకుండా పోవడమంటే పెద్ద దిగులు. బాబాయి గురువును పిలవలేదు. నాన్న అప్పుడు సరిహద్దులో ఉన్నాడు, సెలవు దొరకలేదు, సమాధికి కూడా అందలేదు. తన తల్లిని దిక్కులేనిదానిలా పంపించాడని నాన్న బాబాయితో మాట మానేశాడు. మాట మానేసి పదేళ్లు దాటింది.

నాన్న మాతోపాటు చర్చిలో పూజకు మాత్రం ప్రతి ఆదివారం వచ్చేవాడు. అందరూ లేచి గురువు ఇచ్చే అప్పం, సత్ప్రసాదం, అందుకోవడానికి వెళుతుంటే, దారి ఇవ్వడానికి మోకాళ్లు పక్కకు తిప్పుకుని బెంచీలోనే కూర్చుండేవాడు. గురువు చెవిలో తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయనిదే సత్ప్రసాదం తీసుకోకూడదు. తమ్ముణ్ణి క్షమించనిదే పాపసంకీర్తనం చేయలేడు. అమ్మ అడిగితే వేరే సాకు చెప్పేవాడు. ఊళ్లో మేము స్వాములవారు అని పిలిచే ఫాదర్లు ఇక్కడ అందరూ మలయాళీలు, హిందీవాళ్లు. "నా పాపాలు తెలుగులో చేసినవే. హిందీలో చెప్తే సగం అక్కడే పడిపోతయ్," అనేవాడు. మేము నవ్వేవాళ్లం. నవ్వి ఊరుకోవడం తప్ప ఆ మనిషితో చేయగలిగింది లేదు.

ఆ చలికాలం నాన్న కిడ్నీలు పాడయ్యాయి. కంటోన్మెంట్ వైపు మిలటరీ ఆసుపత్రిలో చేర్చాం. షుగరుతో చూపు అప్పటికే మసకబారింది. మనిషి పొడవు, బట్టల రంగు తెలిసేవి, ముఖం తెలిసేది కాదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, రావలసినవాళ్లు ఉంటే రమ్మనండి అన్నాడు.

ఆసుపత్రికి వచ్చే మలయాళీ ఫాదర్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ భయం అంతా దాని గురించే. మనిషి దక్కడని ఆమెకు తెలుసు. ఆ పగను గుండెలో పెట్టుకుని సర్వేశ్వరుడి ముందు ఎలా నిలబడతాడన్నదే ఆమె ఏడుపు. మంచం పక్క బల్ల మీద దైవ కరుణ పటం పెట్టింది. తెల్లటి నిలువుటంగీలో యేసు, గుండె నుంచి రెండు కాంతులు, చెప్పులు లేని పాదాలు. రోజూ మధ్యాహ్నం మూడింటికి వరండాలో కూర్చుని కరుణ జపమాల చెప్పేది. ఆ పటమూ నాన్నకు కనపడేది కాదు.

నాన్నకు తెలియకుండా అమ్మ, ఎస్టీడీ బూత్ నుంచి ఊళ్లో బాబాయి పక్కింటికి ఫోను చేయించింది. బాబాయి మర్నాడే బయలుదేరాడని కబురొచ్చింది.

బాబాయి రావలసిన రోజున పట్టపగలే దీపాలు వేసుకునేంత పొగమంచు. నేను క్లాసులు ముగించుకుని, రెండు బస్సులు మారి ఆసుపత్రి చేరేసరికి మూడు దాటింది. అమ్మ వరండాలో కళ్లు మూసుకుని జపమాల చెప్పుకుంటోంది. గది తలుపుకున్న అద్దంలోంచి చూశాను. తెల్లబట్టల మనిషి ఒకాయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. వీపు నావైపు. నాన్న నోటి దగ్గరకు చెవి వంచి వింటున్నాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆగకుండా ఏదో చెబుతున్నాడు, చెంపలు తడిగా ఉన్నాయి. ఆ చలిలోనూ ఆయన కాళ్లకు చెప్పులు లేవు. మంచం దగ్గరకు చెప్పులతో రానిచ్చి ఉండరనుకున్నాను.

బాబాయి వచ్చేశాడన్నమాట. నాకు గుండెల మీద బరువు దిగినట్లయింది. వాళ్ల మధ్య నేనెందుకని కిందికి వెళ్లి టీ తాగాను.

తిరిగి వచ్చేసరికి నాన్న ఒక్కడే ఉన్నాడు. చాలా రోజుల తర్వాత ముఖం తేటగా ఉంది.

"తెలుగు స్వాములవారు వచ్చారమ్మా," అన్నాడు. "పాపసంకీర్తనం అయిపోయింది."

నాకు మొదట నవ్వొచ్చింది. తెల్లబట్టలూ తెలుగు మాటా చూసి, పెంతెకోస్తు పాస్టరు దగ్గర, అదీ సొంత తమ్ముడి దగ్గర పాపసంకీర్తనం చేశాడు నాన్న! ఆ వెంటనే భయం వేసింది. తన మీద పదేళ్ల తిట్లూ తన చెవులతోనే విని బాబాయి మనసు విరిగి వెళ్లిపోయాడేమో. కింద హాలు, గేటు, బస్టాపు అంతా వెతికాను. అమ్మ తన ముందు నుంచి ఎవరూ వెళ్లలేదంది. వార్డు సిస్టర్ని అడిగితే, "కోయీ నహీఁ ఆయా, దీదీ," ఎవరూ రాలేదంది. పాసులున్న మమ్మల్ని తప్ప విజిటర్లను వదిలే వేళే కాలేదట.

నేను చూశానన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, రాత్రులు నిద్ర ఉంటోందా అని అడిగింది.

బాబాయి మర్నాడు ఉదయం వచ్చాడు. చేతిలో సంచి, బూట్లకు బురద, మఫ్లర్‌లో చుట్టుకున్న ముఖం. మథుర ఇవతల పొలాల్లో బండి నిన్న మధ్యాహ్నం నుంచీ ఆగిపోయిందట. అర్ధరాత్రి దాటాక కదిలిందట. ఆ బండి సంగతి తర్వాత నేను స్టేషన్లో అడిగి మరీ నిర్ధారించుకున్నాను. నిజమే.

ఆయన మాలో ఎవరినీ పలకరించలేదు. నేరుగా మంచం దగ్గరకు వెళ్లి నాన్న కాళ్ల మీద చెయ్యి వేశాడు.

"అన్నయ్యా, శౌరిని. ఆ సెలవు సంగతి మనసులో పెట్టుకోమాక. నాకు తెలిసిందిలే."

"ఎవరు చెప్పార్రా?" అన్నాడు నాన్న. "స్వాములవారు చెప్పగూడదే. పాపసంకీర్తనంలో విన్నది పైకి చెప్పగూడదు."

"ఏ స్వాములు? నువ్వే గదన్నయ్యా చెప్పింది. నిన్న రైల్లో నా పక్కన కూచుని."

సెలవు సంగతి ఏమిటో అమ్మకూ తెలియదు. బాబాయే చెప్పాడు. ఆగిపోయిన బండిలో కునుకు పట్టిందట. కళ్లు తెరిస్తే నాన్న పాత మిలటరీ స్వెటర్లో పక్క సీట్లో ఉన్నాడట. నాయనమ్మ పోయేముందు సెలవు దొరికిందని, కానీ ఆమె బాబాయి ప్రార్థనలకు వెళుతోందన్న కోపంతో ఢిల్లీ స్టేషన్ దాకా వచ్చి కూడా బండి ఎక్కలేదని, బెంచీ మీద కూర్చుని బండి వెళ్లిపోవడం చూశానని, తప్పంతా నీ మీదకు తోశానని ఏడ్చాడట. అన్నయ్య చనిపోయి చెప్పుకోవడానికి వచ్చాడనుకుని బాబాయి మిగిలిన దారంతా శవాన్ని చూడబోతున్నాననే వచ్చాడు.

నాన్న కాదనలేదు.

అప్పుడు బాబాయి నేల మీద కూర్చున్నాడు. "నాదీ ఒకటుంది. అమ్మ ఫాదర్ గారిని పిలవమంది. రెండుసార్లడిగింది. నా పట్టుదల కొద్దీ నేను పిలవలా."

నాయనమ్మ అడిగిందన్న సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. నాన్న అరుస్తాడనుకున్నాను. ఆయన చెయ్యి గాలిలో తడుముతూ బాబాయి తల మీదికి వచ్చి ఆగింది.

"అయితే ఇప్పుడు పో. నాకోసం పిలుచుకురా," అన్నాడు.

బాబాయికి హిందీ ముక్క రాదు. "ఫాదర్, ఫాదర్" అని అడుగుతూ ఆ వరండాలన్నీ తిరిగాడు. తెల్లబట్టలు చూసి, గేటు దగ్గర జవాను ఆయన్నే ఫాదర్ అనుకుని సెల్యూట్ కొట్టాడట. మొత్తానికి మలయాళీ ఫాదర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. తైలం పూస్తున్నంతసేపూ తను నమ్మని ఆ సంస్కారం దగ్గర నాన్న తల పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. నాన్న సత్ప్రసాదం తీసుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు. బాబాయి సమాధి దాకా ఉన్నాడు.

ఫాదర్‌ని అడిగాను. ఆసుపత్రికి తెలుగు గురువెవరూ వచ్చినట్లు తనకు తెలియదన్నాడు. అమ్మకు సందేహమే లేదు. నేను చెప్పులు లేని పాదాల సంగతి చెప్పగానే బల్ల మీది పటం వైపు చూసింది. నేను చూడలేదు. బాబాయిది కల అనుకుంటే సెలవు సంగతి కలకు ఎలా తెలిసిందో తెలియదు. నాన్నది జ్వరంలో భ్రమ అనుకుంటే, నాకు ఆ రోజు జ్వరం లేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నాన్న నేర్పినట్లు వెళ్లి చూడవలసింది, చూడలేదు. ఆ తలుపు నెట్టి "బాబాయ్" అని పిలిచి ఉంటే ఆయన వెనక్కి తిరిగేవాడు. ఎవరి ముఖం చూసి ఉండేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.