హార్డ్ డిస్క్‌లో అమ్మ చివరి నెలలు

జూన్ మూడో ఆదివారం, కడప. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, అమ్మ సమాధికి రాయి చెక్కించడానికి కర్నూలు నుంచి వచ్చిన నా తమ్ముడు.

చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించాం. కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అయినా దాని ఎర్ర దీపం ఆగకుండా కొట్టుకుంటోంది, లోపల హార్డ్ డిస్క్ గరగరమంటోంది. కొన్నాళ్లుగా ఇదే వరస.

"పిండి మర మాదిరి తిరుగుతాండాది. కరెంటాయన ఇంట్లోనే ఈ తిప్పలు" అంది నా భార్య.

నా భయం వేరు. చెదలు తినగా మిగిలిన నా డైరీలన్నీ ఏళ్ల తరబడి కూర్చుని అందులోకి ఎక్కించాను. కాగితాలు తగలబెట్టేశాం. డిస్క్ పోతే రాసుకున్నదంతా పోయినట్టే.

కరెంటు ఆఫీసులో ఉన్నప్పుడు, లోపం ఏ వీధిలో ఉందో తెలియకపోతే ఒక్కో ఫ్యూజూ పీకి చూసేవాళ్లం. అదే పద్ధతిలో ప్రోగ్రాములు ఒక్కొక్కటీ మూసేశాను. దీపం ఆగలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి 'డిస్క్' అన్నచోట నొక్కాను. డిస్క్‌ను ఎక్కువగా వాడుతున్నది పైకి వచ్చింది. ఎన్నడూ చూడని పేరు. వైరస్ అనుకున్నాను. అది ఏ ఫైళ్లు చదువుతోందో రిసోర్స్ మానిటర్‌లో చూశాను. అన్నీ నా డైరీలే.

"ఇదేందప్పా, చూడు" అని తమ్ముణ్ణి పిలిచాను.

వాడు కుర్చీలోంచి లేవలేదు. "అది నేను పెట్టిందేలేన్నా, క్రిస్మస్‌కు వచ్చినప్పుడు. నా దగ్గర ఒక కాపీ ఉంటే మంచిది కదా. ఈడ ఏం మారినా నా కంప్యూటర్‌లో మారుతాది, ఆడ మారితే ఈడా మారుతాది. అందుకే ఊరికే వెతుక్కుంటా ఉంటాది."

"నాకు ఒక మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే ఇస్తావా నువ్వు?"

"చదివినావా?"

"అమ్మ మంచంలో ఉన్న నెలలు చదివినా. శానా బాగా రాసినావులే, పోలీసోళ్ల మాదిరి. నేను వచ్చిందీ, రానిదీ. అమ్మ పోయిన మర్నాడు వచ్చినాడని గూడా."

"రాలేదు గాబట్టి రాసినా."

"రేపు పిల్లోళ్లు చదివితే నా మొగం యాడ పెట్టుకోవాల?"

రాతి మీద చెక్కించాలని పొద్దున వాడు చూపించిన వాక్యం గుర్తొచ్చింది: 'తుది శ్వాస వరకు దగ్గరుండి సేవ చేసిన చిన్న కుమారుడు'. అమ్మ పక్కబట్టలు ఉతికింది, రాత్రుళ్లు ఒళ్లు తిప్పి పడుకోబెట్టింది నా భార్య. ఆ వాక్యం చదివి వంటింట్లోకి పోయింది. ఆమె చేసిందంతా నా డైరీలో తప్ప ఇంకెక్కడా లేదు.

ప్రోగ్రామును ఆపే బటన్ మీదికి బాణం గుర్తు తెచ్చాను.

"ఇప్పుడు ఆపొద్దున్నా! సగంలో ఆపితే ఫైళ్లు పాడైతాయి. ఇంటికి పోయి ముందు ఆడ ఆపి నీకు ఫోన్ చేస్తా. అప్పుడు తీసేయి."

నా భార్య గడప దగ్గర నిలబడి ఉంది. "అన్నం తిన్న చెయ్యి గూడా ఆరలేదు. ఆయప్పనే పోయి ఆపనీలే" అంది మెల్లగా.

మా ఇంట్లో చుట్టం ఉండగా బీరువాకు తాళం వేయం. తోడబుట్టినవాడు చూస్తుండగా ఆ బటన్ నొక్కడం అట్లాగే అనిపించింది. చెయ్యి తీసేశాను. సాయంత్రం బస్సుకు వాడు వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఫోన్ రాలేదు. రాత్రంతా ఆపకుండా వదిలేసిన కంప్యూటర్‌లో గరగర లేదు, దీపం ఎప్పుడో ఒకసారి మినుక్కుమంటోంది. డైరీలు తెరిచాను. ఆలూరులో ఉద్యోగం చేసిన ఏళ్లున్నాయి, పత్తికొండ ఏళ్లున్నాయి. అమ్మ మంచంలో ఉన్న నెలలు లేవు. రీసైకిల్ బిన్ కూడా వెతికాను. ఖాళీ.

నా భార్య కాఫీ తెచ్చింది. "సద్దు ఆగిపోయిందే. బాగైందా?"

"బాగైంది" అన్నాను.