పేజీ మధ్యలో ఆగే టీచరు గారు

మా పేటంతా టీచరు గారనే పిలిచే పెద్దావిడ పోయిన నెల కన్నుమూశారు. చర్చి మైకులో ఆ కబురు చెబుతున్నప్పుడు నేను కూలీ సంఘం కరపత్రాల సంచితో రామచంద్రపురం బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సయితే ఎక్కలేదు. ఆమె ఇంటి గడప తొక్కే ధైర్యం మాత్రం సాయంత్రానికి గానీ రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో చాప పరిచి, ఊడ్పులకెళ్లే ఆడవాళ్లకు ఆమె పుస్తకాలు చదివి వినిపించేవారు. కథలు కాదు. ఇటుక బట్టీల్లో, రొయ్యల షెడ్లలో నిజంగా బతికిన మనుషుల సంగతులు. కష్టమైన చోటు వస్తే కళ్లజోడు తీసి ఊరుకునేవారు. వెనక కూర్చుని వినే నాకు ఆ ఊరుకోవడమే ఒళ్లు మండించేది.

ఒకసారి, ఒంటికి వెళ్లడానికి చాటు లేక పగలంతా నీళ్లు తాగని కూలి ఆడవాళ్ల గురించి చదివి ఆగారు.

చాలాసేపటికి ఒకావిడ, "మేమూ అంతేనండి" అంది.

"నేనైతే దాహమే మర్చిపోయానండి" అని ఇంకొకావిడ నవ్వింది.

మర్నాడు కొందరు కలిసి రైతు దగ్గరకు వెళ్లారు. మోటారు షెడ్డు పక్కన తాటాకు దడి కట్టించారాయన.

పై ఆదివారం నేను అందరి ముందే నిలదీశాను. "దడి అడుక్కోవడం పోరాటమా టీచరు గారూ? వ్యవస్థ మారాలి గానీ."

"మారాలి నాయనా. ఈలోగా వీళ్లు నీళ్లు తాగొద్దా?"

అందరూ నవ్వారు. చెప్పులేసుకుని వచ్చేశాను. తర్వాత ఎప్పుడు ఎదురుపడినా "పుస్తకం సగంలో ఉంది, రా నాయనా" అనేవారు. పనుందనేవాణ్ణి. మగవాణ్ణి, ఏ గట్టు పక్కనైనా నిలబడగలను. దడి విలువ నాకెలా తెలుస్తుందన్న ఆలోచన, సమాధిలో మట్టి వేస్తుంటే గానీ తట్టలేదు.

ఈ ఆదివారం ఆడవాళ్లు నన్ను పిలిచి పుస్తకం చేతికిచ్చారు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు లేరు.

"నువ్వూ చదవనంటే ఇక చాప చుట్టేస్తాం బాబూ" అన్నారు.

కొడుకుని రొయ్యల చెరువుల మీద పనికి పంపిన తల్లి గురించిన పేజీ అది. ఉపన్యాసంలా దంచేస్తుంటే ఒకావిడ, "ఎవరైనా తరుముతున్నారా ఏంటి బాబూ?" అంది.

ఆగాను. కరపత్రాల మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి. పెదవి కరుచుకుని కూర్చున్నాను. ఎండ చాప అంచు దాకా పాకింది. ఎన్నడూ నోరు విప్పని ముసలామె ఒకరు గొంతు సవరించుకుని, నా వైపు కాదు, పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, "మా పెద్దోణ్ణి కూడా..." అని మొదలుపెట్టింది.