మోతీ గొంతులో మామిడి టెంక

నాకు అక్షరాలు వచ్చి ఏడాదే అయింది. మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. అందుకే ఇన్నేళ్లూ ఇది రాయలేకపోయాను.

తొంభైలలో భిలాయిలో, ఉక్కు కార్మికుల పేట క్యాంప్ 2లో ఉండేవాళ్ళం. ఒక వేసవిలో విజయనగరం నుంచి మా అన్నయ్య రైల్లో పీచు మామిడిపళ్ళ బుట్ట పంపాడు. పెరట్లో కూర్చుని జుర్రుకుంటున్నాం. మా ఆయన తన టెంకను మా కుక్క మోతీకి విసరబోయారు.

"టెంకెయ్యకండి, గొంతుకడ్డం పడతాది. మా ఊళ్ళో దూడకి ఇలాగే అయింది. ముక్క కోసి పెడతాను," అన్నాను.

"ఓనమాలు రావు గానీ డాక్టరమ్మ బయల్దేరింది! పండే కదా, దానికేటవుతాది?" అంటూ విసిరేశారు.

మోతీ దాన్ని గుటుక్కున మింగబోయి, ఊపిరాడక గిలగిల కొట్టుకుంది.

"చెయ్యెట్టకే, కరిసేత్తాది!" అని ఆయన అరుస్తూనే ఉన్నారు. నేను దాని దవడలు విడదీసి వేళ్ళు లోపలికి పోనిచ్చాను. టెంక పీచు దొరికింది. గట్టిగా లాగితే ఊడివచ్చింది. మోతీ దగ్గి, నా చెయ్యి నాకింది. చదువు రాకపోయినా నాకు తెలిసింది తక్కువేమీ కాదని ఆ రోజే నమ్మకం కలిగింది.

మర్నాడు ఉదయం ఒక పండు చెక్కు తీసి, ముక్కలు కోసి మోతీకి తినిపించాను. మా ఆయన తన పండు జుర్రుకుని, టెంక పట్టుకుని నిలబడ్డారు.

"ఇదెక్కడెయ్యమంటావు, డాక్టరమ్మా?"

చెత్తబకెట్టు చూపించాను.