ఓడలో నా పంక్తివాళ్లు

మా శాఖా గ్రంథాలయంలో ఉన్న సముద్రయానాల పుస్తకాలన్నీ చదివాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తక్కిన చదువంతా ఆ రెండు గదుల్లో, కిటికీ పక్కన బల్ల దగ్గర జరిగింది. తుఫానులు, దీవులు, తిమింగలాలు, చుక్కల్ని చూసి దారి పట్టడం, అన్నీ అక్కడే తెలుసుకున్నాను. కానీ అంతంత దూరాలు వెళ్లినవాళ్లు ఏ పూట ఎవరి పక్కన కూర్చుని తిన్నారో ఒక్కరూ రాయలేదు. ఏం తిన్నారో రాశారు, ఇంకెంత మిగిలిందో రాశారు. పక్కన ఎవరున్నారో రాయలేదు. మా వీధి ఆడపిల్లల్లో రేపెవరైనా ఒంటరిగా ఓడెక్కితే వాళ్లకు ముందుగా కావలసింది ఆ సంగతే. అది ఏ అరలోనూ లేదు కనుక నేను రాసి పెడుతున్నాను.

మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లం చేపలు అమ్ముతాం, మిగిలినవి ఎండబెడతాం. మాలో ఆడది పడవెక్కడం లేదు. తప్పని ఎవరూ అనరు, ఎక్కమని కూడా ఎవరూ అనరు. అందుకని సముద్రం మాకెప్పుడూ ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషిలాంటిది. దాని ముఖం తెలుసు, వీపు తెలియదు.

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్ప కూతురు విశాఖపట్నంలో ప్రయాణాల ఆఫీసులో పని చేస్తుంది. విశాఖ నుంచి ముందు పుదుచ్చేరి వెళ్లి, వెనక్కి చెన్నై వచ్చే పెద్ద ఓడలో వాళ్లమ్మకూ నాకూ కలిపి ఒక గది తీసింది. తీరా బయలుదేరే వారంలో అప్ప పెరట్లో జారిపడి కాలికి కట్టు వేయించుకుంది. నేనూ మానేస్తానన్నాను.

"నాను రాకపోతే నువ్వూ మానేస్తావేటి? ఎల్లు. ఎల్లి సూసొచ్చి నాకు సెప్పు" అంది మంచం మీద నుంచే.

నా సంచీ దగ్గరకు లాక్కుని సర్దడం మొదలుపెట్టింది. అడుగున పుస్తకం చేతికి తగిలింది.

"ఇదేటి?"

"పుస్తకం."

"అది నాకూ కనిపిస్తన్నాది. దేనికీ అని."

దేనికో దానికి తెలుసు. మా ఇంటాయన పోయిన దగ్గర్నుంచి నేను తినేది పుస్తకంతోనే. నీళ్ల చెంబుకు ఆనించి, ఎడమ చేత్తో పుట తిప్పుకుంటూ తింటాను. కూరలో ఉప్పు లేకపోయినా తెలియదు. రాజ్యాలు కూలిపోతుంటాయి, నదులు పుడుతుంటాయి, పళ్లెం ఖాళీ అయిపోతుంది.

"ఒసే, పుస్తకం నీ పల్లెంలో ఓ ముక్క ఏస్తాదేటి? నీ పల్లెంలోది ఓ ముక్క తీస్తాదేటి?" అని దాన్ని తన దిండు కింద పెట్టేసింది. "అంత ఓడలో ఒక్క మనిసిని సంపాయించుకుని తిను. అక్కడ కూడా ఒక్కదానివీ తిన్నావంటే ఇంక నువ్వలాగే ఉండిపోతావు. నాకు తెల్సు."

నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ చివరి మాట నాతోపాటు బస్సెక్కింది. అది నిజమేనేమోనని నాకూ అప్పటికి కొంతకాలంగా అనిపిస్తోంది.

ఓడ సాయంత్రం కదిలింది. కదిలినట్టు తెలియలేదు. ఒడ్డే మమ్మల్ని విడిచి ఎటో వెళ్తున్నట్టుంది. యారాడ కొండ మెల్లగా తిరిగి తన అవతలి పక్క చూపించింది. ఇళ్లు గవ్వలంత అయ్యాయి, తర్వాత ఉప్పు రవ్వలంత. ఆపైన నీళ్లూ ఆకాశమూ ఒకే గుడ్డలా ఉన్నాయి, ఎక్కడ కుట్టారో కనపడదు. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఒడ్డున మాకు సముద్రమంటే చప్పుడు. ఇక్కడ దానికి చప్పుడే లేదు. అలలు విరిగేది ఒడ్డుకు తగిలినప్పుడే కదా. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

భోజనాల హాలు గుమ్మంలో వడ్డించే కుర్రాడు ఒక వేలు చూపించి "ఒక్కరేనా?" అన్నట్టు తలాడించాడు. నేనూ ఒక వేలు చూపించాను. నలుగురు కూర్చునే బల్ల దగ్గరకు తీసుకెళ్లాడు. నేను కూర్చోగానే మిగతా మూడు పళ్లేలూ గ్లాసులూ ఒకదాని మీద ఒకటి పేర్చి తీసుకుపోయాడు. అతని పని అది. కానీ ఆ పళ్లేలు వెళ్తుంటే ముగ్గురు మనుషులు నా దగ్గర్నుంచి లేచి వెళ్లినట్టే అయింది. చుట్టూ కుటుంబాలు. పిల్లలు, అమ్మమ్మలు, ఒకరి పళ్లెంలోకి ఒకరి చెంచాలు. పెరుగన్నం నాలుగు ముద్దలు మింగి లేచిపోయాను. ఈ పూట లెక్కలోకి రాదు, ఇది రుచి చూడటమే అని అప్పతో మనసులో వాదించుకున్నాను.

మర్నాడంతా నీళ్లే. పొద్దున్న హాల్లో ఎవరికి వాళ్లు వడ్డించుకోవాలి. ఖాళీ పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డాను. పక్క బల్ల దగ్గర తెల్లచొక్కా పెద్దమనిషి ఒక్కడూ కూర్చుని ఉన్నాడు. నేను కాఫీ ఎక్కడని ఎవరినో అడగడం విన్నట్టున్నాడు.

"మన సైడు మాటలాగున్నాది. శ్రీకాకుళమా? మాది సాలూరు. లారీలండి. రండి, ఈడ కూకోండి, టిఫిను సేద్దాం" అన్నాడు.

ఎంత ఎదురుచూసిన పిలుపది! అయినా నా నోరు నన్నడక్కుండా పలికేసింది.

"తినీసినానండి. మీరు కానీండి."

"ఓహో. మంచిది" అని ఆయన ఇడ్లీ తుంచాడు.

చేతిలో ఖాళీ పళ్లెంతో నేను అలాగే నిలబడ్డాను.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మా ఊళ్లో తింటున్నవాళ్లు "రా, తిందూగాని" అంటే "తినీసినాను" అనాలి. ఆకలితో కళ్లు తిరుగుతున్నా అనాలి. వాళ్లు మళ్లీ అంటారు, మనం "ఇప్పుడే కదా తిన్నాను" అంటాం. మూడోసారి అనరు, చెయ్యి పట్టుకుని లాగుతారు. అప్పుడు కూర్చోవాలి. మొదటి పిలుపుకే కూర్చుంటే తిండికి మొహం వాచినట్టు. మూడో దానికీ కూర్చోకపోతే వాళ్లింటి తిండిని తక్కువ చేసినట్టు. ఇది ఎవరూ నేర్పరు, ఈతలాగ వచ్చేస్తుంది. ఆ పెద్దమనిషి రెండోసారి పిలవలేదు. తినేశానని చెప్పినదాన్ని ఆయన కళ్లముందు ఎలా వడ్డించుకుంటాను? పళ్లెం మళ్లీ దొంతర మీద పెట్టేసి బయటకు నడిచాను.

పై అంతస్తులో నీడ చూసుకుని కూర్చున్నాను. ఎండకు నీళ్లు పొలుసుల్లా మెరుస్తున్నాయి. ఓడ ఊయలలా ఊగుతోంది. ఆకలికీ ఊపుకీ మధ్య కళ్లు మూతలు పడి, మా వీధి మొత్తం నీళ్ల మీద తేలుతూ నా పక్కనుంచి వెళ్తున్నట్టు, అందరూ గుమ్మాల్లో కూర్చుని తింటున్నట్టు కనిపించింది. ఎవరూ పిలవలేదు. చూసి చెయ్యి ఊపారంతే.

కళ్లు తెరిచేసరికి పక్క కుర్చీలో నా ఈడు మనిషి, నూలు చీర, పెద్ద బొట్టు. తనలో తాను ఏదో రాగం తీస్తోంది. నన్ను చూసి ఆపింది. మాటలు కలిశాయి. ఒడిశా సరిహద్దు అవతలి పర్లాకిమిడి ఆవిడ. వాళ్లది గుళ్లో పాటసేవ చేసే వంశమట, ఈవిడ పిల్లలకు సంగీతం చెప్పేదట. ఇంట్లో అంతా ఒడియా, బజార్లో తెలుగు. నన్ను "అపా" అని పిలిచింది. మేం అప్ప అనేదాన్నే వాళ్లు అపా అంటారు. తనూ ఒంటరిగానే వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. ఈసారి నేనే అడిగాను.

"రండి, తిందాం."

"నా తిండి అయిపోయింది అపా" అంది. వెంటనే, "మీరు తినలేదా? రండి, మీ పక్కన కూర్చుంటాను" అంది.

"అబ్బే, నాను కూడా తినీసినాను."

ఇద్దరం ఒకరినొకరు చూసి చిరునవ్వు నవ్వుకున్నాం. ఇద్దరం హాలు వైపు చూడకుండా కూర్చున్నాం. గాలిలో కూరల వాసన వచ్చింది. ఆవిడ రాగం మళ్లీ ఎత్తుకుంది, ఈసారి గొంతు కొంచెం బలహీనంగా ఉంది. కాసేపటికి గదిలో పని ఉందని ఆవిడ లేచింది. నాకూ ఉందని నేనూ లేచాను. గదిలో మంచినీళ్లు తాగి పడుకున్నాను.

సాయంత్రం టీ వేళకు ఇక ఆగలేకపోయాను. అంతా మర్చిపోయి పకోడీలు, సమోసాలు, కేకు ముక్కలు పళ్లెం నిండా వేసుకుని, ఎవరికీ కనపడని స్తంభం వెనక్కు తిరిగాను. అక్కడ పర్లాకిమిడి ఆవిడ. ఆవిడ పళ్లెం నా పళ్లెం కంటే ఎత్తుగా ఉంది. నోటి నిండా పకోడీ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. నేను వీపు రాశాను.

"మధ్యాహ్నం తిన్నానన్నారు!" అన్నాను.

"మీరు మూడోసారి అడుగుతారని చూశాను అపా. రెండోసారి కూడా అడగలేదు."

"మీరు పిలిసినప్పుడు నానూ అలాగే సూసినాను మరి!"

"మీకూ అదే పద్ధతా?"

"సరిహద్దు రాయి ఉంటాది గానీ మరియాదకి ఉంటాదేటండి!"

స్తంభం వెనకాలే నిలబడి రెండు పళ్లేలూ ఖాళీ చేశాం. రాత్రి భోజనానికి ఒకళ్లనొకళ్లు పిలుచుకోకూడదనీ, వెళ్లి కూర్చోవడమేననీ అనుకున్నాం. కానీ నాకు మనసులో ఇంకొకటి మిగిలింది. ఇప్పటిదాకా నాకు దొరికినదంతా ఎదుటివాళ్ల దయో, పొరపాటో. నా అంతట నేను వెళ్లి ఒక మనిషిని పంక్తిలోకి తెచ్చుకోలేదు. అది చేయలేకపోతే ఇంటికెళ్లాక నా ఎదుట మళ్లీ నీళ్ల చెంబే.

మసక చీకటి పడుతుండగా హాల్లోకి వెళ్లాం. వడ్డించే కుర్రాడికి రెండు వేళ్లు చూపించాను. ఆ చివర బల్ల దగ్గర సాలూరు పెద్దమనిషి. ఫోను గ్లాసుకు ఆనించి, అందులో కదిలే బొమ్మలు చూస్తూ, ఏం తింటున్నాడో చూసుకోకుండా తింటున్నాడు. ఆ భంగిమ నాకు బాగా తెలుసు. పర్లాకిమిడి ఆవిడను కూర్చోమని, అటు నడిచాను. ఓడ కొంచెం ఊగుతోంది. ఆ నాలుగు బల్లల దూరం నీళ్ల మీద నడిచినట్టుంది.

"బావా" అన్నాను. మా వైపు ఎదురుపడ్డ మగమనిషిని బావను చేసుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. "పొద్దున్న ఒక్కపాలి పిలిసి ఊరుకున్నారేటి?"

ఆయన ఫోను బోర్లించాడు. "తినీసినానన్నారు కదా?"

"సేతిలో ఖాళీ పల్లెం ఉన్నాది కదా, సూళ్లేదా?"

"సూసినాను. రెండో వాయకి వచ్చినారనుకున్నాను." ఫోను జేబులో పెట్టాడు. "అబద్ధమాడినారా?"

"అబద్ధం కాదు, మరియాద."

"మరియాద కడుపు నింపుతాదేటప్పా? మాకు రోడ్డు మీద పిలుపు ఒకటే. దాబా కాడ బండాపి రారా అంటాం. వస్తే తింతాడు, రాకపోతే బండెల్లిపోతాది. రెండోపాలి పిలవడానికి కొండ ఘాటీ మీద ఎవులుంటారు?"

"అయితే నానిప్పుడు ఒక్కపాలే పిలుస్తాను. మా బల్ల కాడికి..."

మాట పూర్తి కాకముందే ఆయన పళ్లెం పట్టుకుని లేచి నిలబడ్డాడు. గ్లాసు నన్ను తెమ్మన్నాడు.

ముగ్గురం కూర్చున్నాం. వంజరం ముక్కలు వచ్చాయి, ముళ్లూ లేవు, తోలూ లేదు. చేపను ఇలా బట్టలిప్పి పెట్టడం పాపమని నేను తేల్చాను. పర్లాకిమిడి ఆవిడ చేప తినని వారం అది, తన ముక్క బావ పళ్లెంలో వేసింది. బావ తన వంకాయ కూర ఆవిడకు తోశాడు. లారీ మీద ఉన్నన్నాళ్లూ క్లీనరుతో ఒకే గిన్నెలో తిన్నాననీ, బళ్లు కొడుకుల చేతికిచ్చి ఇంట్లో కూర్చున్నాక పళ్లెం వేరైపోయిందనీ ఆయన చెప్పాడు. ఇంటావిడకు సముద్రమంటే భయమట. ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు. నేను గ్రంథాలయంలో చదివిన సముద్రపు ప్రవాహాల సంగతి చెప్పాను, వేడి నీళ్లు ఒక దారినా చల్ల నీళ్లు ఒక దారినా వెళ్తాయని. వాళ్లిద్దరూ తింటూ విన్నారు. నేను చదివినదాన్ని ఎవరైనా తింటూ వినడం అదే మొదటిసారి. ఆ మాటకు పర్లాకిమిడి ఆవిడ చిన్న రాగం కలిపింది, నీళ్లు దారి తప్పకుండా ఉండాలన్నట్టు.

కిటికీ అద్దం అవతల చీకటి దిగింది. దూరంగా నీళ్ల మీద దీపం ఒకటి, దానికి కాస్త ఎడంగా ఇంకొకటి. వేట పడవలు. అందులో ఉన్నవాళ్లు ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. కానీ ఈ వేళకు అన్నం కుండ దించి, దాని చుట్టూ మోకాళ్లు మడిచి కూర్చుని ఉంటారని తెలుసు. వాళ్లు మా ఓడ దీపాలు చూసి ఏమనుకుంటున్నారో అని బావ అన్నాడు.

భోజనం ఎప్పుడో అయిపోయింది. ఎవరం లేవలేదు. మా ఊళ్లో మాటలు బాగుంటే ఎంగిలి చేతులతోనే కూర్చుండిపోతారు, చెయ్యి ఎండిపోయి అన్నం మెతుకులు వేళ్లకు పొట్టులా అంటుకునేదాకా. బావ చెయ్యి ఎండిపోయింది. ఆవిడది ఎండిపోయింది. నాదీ ఎండిపోయింది. కుర్రాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఓడ మెల్లగా ఊగుతూ, మమ్మల్ని ముగ్గురినీ అలాగే దక్షిణం వైపు తీసుకుపోయింది.

పేరు పేరునా చెప్పుకోవాలని ఉంది గానీ, పేర్లు వద్దని వాళ్లే అన్నారు. కనుక వరసలతోనే చెప్తున్నాను. సాలూరు బావకూ, పర్లాకిమిడి చెల్లెలికీ, బల్ల మీద బట్ట మార్చే వేళ దాటినా మమ్మల్ని లేపని ఆ వడ్డన కుర్రాడికీ, టిక్కెట్టు తీసిన మా అప్ప కూతురికీ, ఈ కాగితాలు చదివి తప్పులు దిద్దిన మా గ్రంథాలయం అమ్మగారికీ, మంచం మీద నుంచే నన్ను ఓడెక్కించిన మా అప్పకూ నా దండాలు.