వైవాలో అన్న “ఆయ్”

1981 వేసవి. అమలాపురంలో నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీలో ఎమ్మెస్సీ పెట్టి ఎన్నాళ్ళో కాలేదు. లాబ్ అంటే పాత సైకిల్ షెడ్డుకి గోడలు కట్టిన గది. వానాకాలం చెమ్మకి మీటర్లలో ముళ్ళు కదిలేవి కావు, వేసవిలో కరెంటు ఉండేది కాదు. ఆ రెండింటి మధ్య దొరికిన రోజుల్లోనే మేం పైచదువు చెప్పాం, వాళ్ళు చదివారు.

ఆ బ్యాచిలో వీరేశ్వరరావుది మురమళ్ళ. వేదం చెప్పుకునే ఇల్లు. క్వాంటమ్ మెకానిక్స్‌ని భయపడకుండా చదివినవాడు, నాకు తెలిసి, అతనొక్కడే. మిగతావాళ్ళు బట్టీ పట్టేవారు. అతనూ పట్టేవాడు గానీ, పట్టాక నమలడం మొదలుపెట్టేవాడు. సాయంత్రం బస్సు తప్పిపోయినా సరే, ఒక ఇంటిగ్రల్ ఎందుకు సున్నా అయిందో తేలేదాకా నన్ను వదిలేవాడు కాదు. విసుక్కునేవాణ్ణి. నిజానికి ఆ విసుగు కోసమే కాలేజీకి వెళ్ళేవాణ్ణేమో.

అతనికి రీసెర్చి చెయ్యాలని ఉండేది. ఆ ఏడు ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి యూనివర్సిటీ నుంచి పరీక్ష పెట్టడానికి, వస్తున్న ప్రొఫెసరు గారి దగ్గరే ఒక సీటు ఖాళీగా ఉందని తెలిసింది.

“ఆయన మెచ్చితే నీకు దారి పడ్డట్టే” అన్నాను.

“ఆయ్, అంతకన్నా ఏం కావాలండీ” అన్నాడు.

ఇక్కడ ఈ మాట గురించి చెప్పాలి. మా వైపు ‘ఆయ్’ అంటే అవునని ఒక్కటే కాదు. వింటున్నాను, చెప్పండి అని కూడా. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అంటూ ఉండాలి, లేకపోతే పొగరనుకుంటారు. ఒప్పుకోని మాటకైనా ముందు ఆయ్ అని, వాళ్ళు ముగించాక “కాదేమోనండీ” అంటాం. గురువు చెబుతుండగా అడ్డు తగలడమన్నది వీరేశ్వరరావు వాళ్ళ ఇంటా వంటా లేదు.

పరీక్ష రోజు తీసిన చీటీల్లో అతనికి ఫోర్ ప్రోబ్ ప్రయోగం వచ్చింది. జెర్మేనియం ముక్క మీద నాలుగు సూదులు ఆనించి, చిన్న ఓవెన్‌లో వేడి చేస్తూ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, కొలవాలి. రాగిలో వేడితో ఆ అడ్డు పెరుగుతుంది, జెర్మేనియంలో తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందన్నదే ఆ ప్రయోగానికి ప్రాణం: వేడికి కరెంటు మోసే ఎలక్ట్రాన్లు అందులో కొత్తగా బోలెడు విడివడతాయి. ఆ పూట కరెంటు కూడా దయ తలచింది. రీడింగులు ఎక్కడా బెసక్కుండా వచ్చాయి.

తర్వాత వైవా, నోటి పరీక్ష. ప్రొఫెసరు గారిది మా ప్రాంతం కాదు, సీమ వైపు. కుర్చీలో వెనక్కి వాలి మొదలుపెట్టారు.

“వేడి చేస్తే లోపల ఆటమ్స్ ఊగుతాయి కదా?”

“ఆయ్.”

“ఊగితే ఎలక్ట్రాన్లకు అడ్డం పడతాయి.”

“ఆయ్.”

“అట్లయితే జెర్మేనియంలోనూ, రాగిలో మాదిరే, రెసిస్టెన్స్ పెరగల్ల.”

“ఆయ్.”

ఆయన రీడింగుల కాయితాన్ని వేలితో తట్టారు. “మరి దీంట్లో తగ్గిందే. పెరగాలని నువ్వే ఒప్పుకుంటివి. ఇవి తీసిన రీడింగులా, రాసుకొచ్చినవా?”

వీరేశ్వరరావు వంగి ఆ కాయితం వైపే చూశాడు. నేను కలగజేసుకున్నాను. “అది ఒప్పుకోవడం కాదండీ. వింటున్నానని చెప్పడం. జవాబు ఇంకా చెప్పనేలేదు. రీడింగులు నా కళ్ళ ముందే తీశాడు.”

ఆయన నవ్వారు. “వింటున్నానికీ, అవునుకీ తేడా తెలియనోళ్ళకి ఫిజిక్స్ ఎందుకు సార్?” అంటూ మార్కులు వేసేశారు.

ప్యాసయ్యాడు, అంతే. సీటు మరొకరికి వెళ్ళింది. వేరే యూనివర్సిటీలకి రాయమని ఎంత మొత్తుకున్నా రాయలేదు. పి.గన్నవరంలో హైస్కూలు మాస్టరుగా చేరాడు. అప్పట్నుంచి ఏ ఎక్స్‌టర్నల్ వచ్చినా, టీ ఇచ్చేలోపే ఆయ్‌కి అర్థం చెప్పేవాణ్ణి. మర్యాద ఒక మంచి ఫిజిసిస్టుని మింగేసిందని స్టాఫ్ రూములో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

కొన్నేళ్ళకి పి.గన్నవరంలో, గోదావరి పాయ మీంచి కాలవని దాటించే ఆక్విడక్టు దగ్గర మా బస్సు చెడిపోయింది. దిగి చూస్తే అందులోంచే వీరేశ్వరరావూ దిగాడు. ఇద్దరం కలిసి నడుస్తుంటే, నేను మళ్ళీ ఆ ప్రొఫెసరుని తిట్టడం మొదలుపెట్టాను.

“ఆయన్నేం అనకండి మాస్టారూ. మొదట అన్నవి మర్యాదకే అన్నానండి. ఆఖరుది కాదండి.”

“మరి?”

“అంత పెద్దాయన అంత ధీమాగా చెప్తున్నారు కదా, నిజమేనేమో అనిపించేసిందండి. నా చేత్తో తీసిన రీడింగులు ఎదురుగానే ఉన్నాయండి. వాటినే అనుమానించేను. అలాంటోడు రీసెర్చి ఏం చేస్తాడండీ? అందుకే మరెక్కడికీ రాయలేదు.”

ఒక్క క్షణం తడబడినందుకు తనకు తానే అంత శిక్ష వేసుకున్నాడు. అది చాలా ఎక్కువని చెప్పాను. “ఆయ్” అన్నాడు.

మర్యాద నాలుక మీదే ఆగిపోతుందని అన్నాళ్ళూ అనుకున్నాను. తలలోకి కూడా దిగుతుందని అతనివల్ల తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎమ్మెస్సీ క్లాసులో అప్పుడప్పుడు కావాలనే బోర్డు మీద ఒక తప్పు రాసి, ధీమాగా వివరించి, ఎవరైనా కాదంటారేమోనని ఆగేవాణ్ణి. చాలాసార్లు క్లాసంతా తల వంచుకుని దాన్ని రాసుకునేది.