బండల మీద పడిన ఎరుపు

ఇంద్రేశంలో మా ఇంటి కిటికీలో పెట్టిన నా రంగు సీసాల మీద ఈ ఉదయం ఎండ పడుతుంటే, కోడలు చీపురు పట్టుకుని వచ్చింది.

"అత్తమ్మా, ఇగ భజనోళ్లొస్తరు. ఆ మందు సీసలు జెర లోపట పెట్టు. ఇజ్జత్ పోతది."

"అండ్ల మందు నువ్వెన్నడన్న సూసినవా? అవి ఆడనే ఉంటయి."

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా ఈడు వాళ్లు ఎవరితోనైనా చదివించుకుని వినండి.

దొరల గడులు, ఆ కోటల్లాంటి ఇళ్లు, గుర్తున్నాయా మీకు? మా అమ్మ ఒక గడిలో పనిచేసేది. దొర చుట్టాలకు మందు పోసే చెక్కుడు గాజు సీసాలు అక్కడ ఎర్రవి, నీలివి, పచ్చవి ఉండేవి. అమ్మ వాటిలో నూకలు, నీళ్లు పోసి గలగలా ఊపి కడిగి, ఎండలో ఆరబెట్టేది. మూత తీస్తే వచ్చే ఘాటు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

"ముట్టకు బిడ్డా, పలిగితే దొరసాని సంపుతది" అనేది.

ముట్టలేదు. ఎర్ర సీసాలోంచి బండల మీద పడే రంగులో కాళ్లు పెట్టి నిలబడేదాన్ని. అది పగిలేది కాదు కనుక ఎవరూ వద్దనలేదు.

గడులు కూలాక ఆ సీసాలు పటాన్‌చెరు పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. కనబడినదల్లా కొన్నాను.

భజన వాళ్లు వచ్చారు. కోడలు తల దించుకుంది. వారిలో నా ఈడు ముసలామె కిటికీ వైపు చూసింది. చాప మీద కూర్చోకుండా, నేల మీది ఎరుపులో రెండు పాదాలూ పెట్టి నిలబడింది.

"అక్కా, మీ అమ్మ ఏ గడిల జేసింది?" అని అడిగింది.